గేదెను అమ్మే ముందు కొట్టాన్ని చూడండి: పశువుల దగ్గర పనిచేసేవారికి తగిలే దెబ్బల గురించి

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. రంగారెడ్డి జిల్లాలో 18 ముర్రా గేదెలతో డెయిరీ నడుపుతున్నారు. వాటిలో ఎక్కువ హర్యానా నుంచి తెచ్చినవి. బీహార్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు పాలు పిండుతున్నారు. పోయిన వారం తెల్లవారుజామున, ఈని మూడు వారాలైన ఒక గేదె వారిలో ఒకరిని తన్ని, అతను లేవబోతుండగా ఒంటితో గోడకేసి నొక్కింది. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ గేదెను అమ్మేయాలా, ఇక మీదట ఇలా జరగకుండా ఏం చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి అని మీరు అడిగారు.

నేను పశుసంవర్ధక శాఖలో పశువైద్యుడిగా పనిచేసి విరమించినవాడిని. పశువుల వైద్యానికి వెళ్ళిన చోట మనుషులకు తగిలిన దెబ్బలు కూడా చాలా చూశాను. వాటిని బట్టి నేను గట్టిగా చెప్పదలచినది ఒక్కటే. ఈ దెబ్బల్లో ఎక్కువ భాగం పశువు పొగరు వల్ల తగిలినవి కావు. మనిషి తప్పుకునే దారి లేని చోట, తొందరలో, చీకట్లో, ఒంటరిగా, నొప్పితోనో భయంతోనో ఉన్న పశువు దగ్గర పనిచేయవలసి రావడం వల్ల తగిలినవి. కాబట్టి గేదె సంగతి చివర మాట్లాడుకుందాం. ముందు ఆ అబ్బాయి సంగతి చూడాలి.

పక్కటెముకలు విరిగాయంటే దెబ్బ చాలా బలంగా తగిలిందని అర్థం. అయిదారు వందల కిలోల గేదె మనిషిని గోడకేసి నొక్కినప్పుడు చర్మం మీద చిన్న గీత కూడా పడకుండా లోపల ప్లీహమో కాలేయమో చిట్లవచ్చు. ఆ రక్తస్రావం వెంటనే బయటపడదు. కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి కొన్ని రోజుల తరువాత బయటపడుతుంది. ముఖం పాలిపోవడం, చల్లని చెమటలు, విపరీతమైన దాహం, కళ్ళు తిరగడం, కడుపు బిగుసుకోవడం, ఎడమ భుజంలో కారణం లేని నొప్పి, ఊపిరి తీయలేకపోవడం వంటివి ఏవి కనిపించినా నొప్పి బిళ్ళ ఇచ్చి పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేసి, కడుపుకు స్కానింగు చేయగల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఎముకలు అతకడానికి నెలన్నర దాకా పట్టవచ్చు. ఈలోగా దాణా బస్తాలు మోయించవద్దు, తేలిక పని అని చెప్పి మళ్ళీ పొదుగు కింద కూర్చోబెట్టవద్దు.

ఆసుపత్రిలో నిజం చెప్పించండి. యజమానికి ఇబ్బంది అవుతుందనో, పని పోతుందనో పనివాళ్ళు తరచుగా "జారిపడ్డాను" అని చెబుతారు. జారిపడిన మనిషిని పరీక్షించే తీరు వేరు, గేదెకూ గోడకూ మధ్య నలిగిన మనిషిని పరీక్షించే తీరు వేరు. పైగా రేపు బీమాకో పరిహారానికో ఆధారం కావలసినది ఆ మొదటి కాగితమే.

కొమ్ము దిగిన గాయమైతే మరొక జాగ్రత్త అవసరం. పైన రూపాయి బిళ్ళంత రంధ్రమే కనిపించినా లోపల కొమ్ము తిరిగిన దారి జానెడు ఉండవచ్చు. దానితో పాటు పేడ, మట్టి, బట్ట పీలికలు లోపలికి పోతాయి. అందువల్ల ఆ గాయాన్ని విప్పి చూసి, కడిగిన తరువాతే కుట్లు వేయాలా వద్దా అన్నది సర్జను నిర్ణయించాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం వంటివి గాయంలో కూరడం మన ఊళ్ళలో ఇంకా ఉంది, దయచేసి ఆపించండి. పేగు బయటికి వస్తే లోపలికి తోయకూడదు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, నోటికి ఏమీ ఇవ్వకుండా తరలించాలి. ధనుర్వాతం టీకా సంగతి ప్రతి గాయానికీ అడగాలి, ఎందుకంటే పేడ ఉన్న చోట ఆ క్రిములు ఉంటాయి.

చిన్నదనుకుని జనం పట్టించుకోని దెబ్బ ఒకటి ఉంది, అది తోక దెబ్బ. పేడలో తడిసిన తోక కుచ్చు పాలు పిండేవారి కంటికి తగిలినప్పుడు నల్లగుడ్డు మీద సన్నని గీత పడుతుంది. ఆ గీతలో బూజు తెగులు చేరితే కంటి మీద తెల్లని మచ్చ ఏర్పడి చూపే పోవచ్చు. కడిగి ఊరుకోవద్దు. ముఖ్యంగా, మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు వేయవద్దు, అవి ఆ తెగులును పెంచుతాయి. అదే రోజు కంటి డాక్టరు చూడాలి. పాలు పిండే ముందు తోకను వెనక కాలికి కట్టే పాత అలవాటు ఇందుకు మంచిది.

ఇప్పుడు ఆ తెల్లవారుజాము గురించి ఆలోచించండి. మీరు పంపిన ఫోటోలో చివరి గేదెకూ గోడకూ మధ్య ఒక మనిషి ఒంటి వెడల్పు మాత్రమే ఉంది, గోడ వెంట ఎక్కడా సందు లేదు. అలాంటి చోట గేదె ఈగను తోలుకోవడానికి పక్కకు అడుగు వేసినా మనిషి నలుగుతాడు. పశువును గోడ పక్కన కట్టకండి. ఆ చివరి గాటను తీసివేసి దాన్ని దాణా పెట్టుకునే చోటుగా వాడుకోండి, ఒక గేదె తక్కువైనా సరే. ఎద్దులూ దున్నపోతులూ ఉండే దొడ్లలో మూలల దగ్గర, మనిషి దూరగలిగి పశువు దూరలేని సందు వదలాలని పశువుల కొట్టాల నిర్మాణంలో చెబుతారు. 14 నుంచి 16 అంగుళాల వెడల్పు ఉంటే చాలు. పశువు వెనక నడిచే దారి వెడల్పుగా, బకెట్లు, పారలు అడ్డం లేకుండా ఉండాలి. సిమెంటు గచ్చు నున్నగా ఉంటే గీతలు కొట్టించండి, లేదా రబ్బరు పరుపులు వేయించండి. కాలు జారుతున్న గేదె బెదురుతుంది, బెదిరిన గేదె తన్నుతుంది. అదే గచ్చు మీద మనిషి కూడా జారి దాని కాళ్ళ కిందే పడతాడు.

పశువు లోకాన్ని చూసే తీరు కూడా మీ కుర్రవాళ్ళకు తెలియాలి. కళ్ళు పక్కలకు ఉండడం వల్ల దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గాని, సరిగ్గా తోక వెనక ఉన్నది కనిపించదు. వెనక నుంచి నిశ్శబ్దంగా వచ్చి తుంటి మీద చెయ్యి వేస్తే అది ఎవరో చూసుకోదు, కాలు విసురుతుంది. వెలుతురులోంచి చీకట్లోకి, చీకట్లోంచి వెలుతురులోకి అడుగు పెట్టేటప్పుడు దాని కన్ను సర్దుకోవడానికి సమయం పడుతుంది, అందుకే గుమ్మం దగ్గర ఆగుతుంది. అక్కడ కర్రతో కొడితే ముందుకు పోదు, మీ మీదికి తిరుగుతుంది. తెల్లవారుజామున టార్చి లైటు కదుపుతూ పనిచేయడం కన్నా కొట్టమంతా సమానంగా వెలుతురు పడేలా రెండు మూడు బల్బులు పెట్టించడం మంచిది. పక్క నుంచి, భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరకు రావాలి. ముందు వీపు మీద చెయ్యి వేసి, ఆ చేతిని తీయకుండానే పొదుగు వైపు జారాలి. హర్యానాలో మరొకరి గొంతుకు, మరొకరి చేతికి అలవాటుపడిన గేదె అది. లారీలో అంత దూరం వచ్చి, కొత్త నీళ్ళు తాగి, కొత్త మనిషి చేతికి వెంటనే చేపాలంటే చేపదు. కొన్నాళ్ళపాటు ఒకే మనిషి, ఒకే వైపు నుంచి, ఒకే వేళకు పిండాలి.

పశువు కాలు వెనక్కి మాత్రమే పోతుందని అనుకోవడం ప్రమాదం. గుర్రం సూటిగా వెనక్కి తన్నుతుంది. ఆవూ గేదే కాలిని ముందుకు తెచ్చి, పక్కకు చుట్టి, వెనక్కి విసురుతాయి. అందువల్ల మూడడుగుల దూరంలో నిలబడినవాడికి తగిలే దెబ్బే అన్నిటికన్నా బలమైనది. బాగా దూరంగానైనా ఉండాలి, లేదా ఒంటికి ఆనుకుని అయినా ఉండాలి. అనుభవం ఉన్నవాళ్ళు పిండేటప్పుడు తలనో భుజాన్నో డొక్కకు ఆనించి ఎందుకు కూర్చుంటారో గమనించండి: తన్నే ముందు గేదె బరువును రెండో కాలి మీదికి మార్చుకుంటుంది, ఆ కదలిక డొక్కలో ముందే తెలుస్తుంది. గొంతుక్కూర్చోవాలి, ఎప్పుడైనా లేవగలిగేలా ఉండాలి. మోకాళ్ళు నేలకు ఆనించి కూర్చున్నవాడికి తప్పుకోవడానికి వ్యవధి దొరకదు.

నెమ్మదిగా ఉండే గేదె ఉన్నట్టుండి తన్నడం మొదలుపెడితే నేను మొదట వెతికేది నొప్పిని. ఈని మూడు వారాలే అయిందంటున్నారు కాబట్టి పొదుగువాపు ఉందేమో చూడాలి. ప్రతి చన్ను నుంచి మొదటి ధారలు నల్లని గిన్నెలోకి పిండి, పెచ్చులుగానీ నీరుగానీ ఉన్నాయేమో చూడండి. పొదుగు ఒక భాగం వేడిగా, గట్టిగా ఉందేమో తడమండి. చన్నుల మీద పగుళ్ళు, దూడ పళ్ళ గాట్లు, కురుపులు ఉన్నాయా? పిండేవాడి గోళ్ళు పెరిగి ఉన్నాయా? బొటనవేలిని లోపలికి మడిచి, దాని కణుపుతో చన్నును నొక్కి పిండే అలవాటు చాలామందికి ఉంది. అది చన్ను లోపలి పొరను నలిపి, గేదెకు ప్రతి పూటా బాధ పెడుతుంది. నాలుగు వేళ్ళూ అరచేయీ కలిపి నిండు పిడికిలితో పిండడం నేర్పించండి.

పాలు పిండే మిషన్ గానీ, కొట్టంలో మోటారు గానీ ఉంటే లీకు కరెంటును కూడా పరీక్షించాలి. రబ్బరు చెప్పులు వేసుకున్న మనిషికి తెలియనంత తక్కువ కరెంటు, తడి నేల మీద నాలుగు కాళ్ళతో నిలబడి, ఇనుప గాడిలో మూతి పెట్టిన గేదెకు తెలుస్తుంది. నీళ్ళు తాగడానికి వెనకాడడం, ఒకే చోట కట్టిన గేదెలన్నీ తన్నడం దీని గుర్తులు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ చూపించండి. అది మనిషి ప్రాణానికి కూడా సంబంధించిన పని.

తన్నే గేదెకు వెనక కాళ్ళకు కట్టే బంధం గురించి కూడా చెప్పాలి. మెత్తని తాడును మోకాలి కీలుకు పైన, రెండు కాళ్ళ మధ్య మెలిక వేసి కట్టాలి. ముడి ఎప్పుడూ జారుముడిగా, ఒక్క లాగుడుకు ఊడేలా ఉండాలి. దాన్ని గుంజకు కట్టకూడదు. గేదె పడిపోతే కాలు విరుగుతుంది, విప్పబోయినవాడు దాని కింద పడతాడు.

తాడు విషయంలో నేను కళ్ళారా చూసిన ఒక సంఘటన చెబుతాను, ఎందుకంటే ఈ దెబ్బ అన్నిటికన్నా తేలికగా తప్పించుకోగలిగినది. టీకాలు వేసే రోజున ఒక రైతు కొత్తగా కొన్న పడ్డను పలుపు పట్టుకుని తీసుకువచ్చాడు. పట్టు జారకూడదని పలుపును అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. పక్కన ఎవరో రేకు డబ్బా కింద పడేశారు. పడ్డ ఒక్క దూకు దూకింది. పలుపు బిగిసి, చూపుడు వేలు మొదటి కణుపు దాకా తొడుగు ఊడినట్టు ఊడిపోయింది. ఆయన అరవనైనా లేదు, చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. తాడును చేతికి గానీ, నడుముకు గానీ ఎన్నడూ చుట్టుకోకూడదు. మడతలు వేసి పిడికిలిలో పట్టుకోవాలి, అవసరమైతే వదిలేయాలి. పారిపోయిన పశువును మళ్ళీ పట్టుకోవచ్చు. గుంజకు కట్టేటప్పుడు కూడా తాడుకూ గుంజకూ మధ్య వేలు పెట్టవద్దని ఇద్దరికీ చెప్పండి.

సూది మందు, చూడి పరీక్ష, గిట్టల కోత వంటి పనులకు ట్రెవిస్ (పశువును కదలకుండా నిలిపే గొట్టాల చట్రం) లేకుండా పశువును ముట్టుకోకపోవడం మంచిది. 18 గేదెలు ఉన్నవారు ఇనుప గొట్టాలతో సొంతంగా ఒకటి చేయించుకోవడం దుబారా కాదు. అయితే ట్రెవిస్‌లోనూ దెబ్బలు తగులుతాయి: గొట్టానికీ పశువుకూ మధ్య చెయ్యి పెట్టినప్పుడు, వెనక అడ్డుగొట్టం సరిగా దిగకుండా పని మొదలుపెట్టినప్పుడు, కృత్రిమ గర్భోత్పత్తి చేసే గోపాలమిత్ర చెయ్యి లోపల ఉండగా పశువు కూలబడినప్పుడు. ఆ పనులు జరుగుతున్నంతసేపు తల దగ్గర ఒక మనిషి ఉండాలి. సూది మందు విషయానికి వస్తే, పశువుకు మత్తు కోసం ఇచ్చే జైలజిన్ కొద్దిగా మనిషికి గుచ్చుకున్నా గుండె, ఊపిరి మందగించవచ్చు. సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈనిన తరువాతి మొదటి రోజులు వేరే లెక్క. దూడకూ తల్లికీ మధ్య మనిషి నిలబడకూడదు. దూడను తీయాలంటే ఇద్దరు ఉండాలి, ఒకరు తల్లి తలుగు పట్టుకోవాలి. దూడకు బొడ్డు మందు రాసేటప్పుడు దాన్ని కమ్మీల అవతలికి తీసుకుపోయి రాయండి. ముర్రా కొమ్ములు చుట్టుకుని ఉంటాయి కాబట్టి సూటిగా పొడవడం తక్కువ, నుదుటితో నెట్టడం, ఒంటితో నొక్కడం ఎక్కువ. మీ కుర్రవాడికి జరిగింది అదే. మీ దగ్గర విత్తనపు దున్నపోతు ఉంటే దాని దొడ్డిలోకి ఒక్కడే వెళ్ళే అలవాటును ఈ రోజే మాన్పించండి. చిన్నప్పటి నుంచి చేత్తో పెంచాం, ఏమీ చేయదు అన్న మాటను నేను నమ్మను; మిగిలిన మంద లేకుండా మనుషుల మధ్యే పెరిగిన పోతులకు మనిషంటే బెరుకు ఉండదు, వయసు వచ్చాక మనిషినే పోటీ పోతుగా చూస్తాయి. తల దించి, ఒళ్ళంతా అడ్డంగా చూపిస్తూ, కాలితో నేల గీకుతూ, బుసకొడుతుంటే అది హెచ్చరిక. వీపు చూపించి పరుగెత్తకుండా, దాని మీద చూపు ఉంచి, పక్కగా వెనక్కి తగ్గుతూ కమ్మీల దగ్గరికి చేరాలి.

లారీ నుంచి దించడానికి మట్టి దిబ్బ కట్టించుకోండి, దూకించవద్దు. ఇంతకుమించి దాని గురించి చెప్పవలసింది లేదు.

దెబ్బలా కనిపించని దెబ్బలు మరి కొన్ని ఉన్నాయి. నెలలు నిండకుండా గేదె ఈసుకుపోయినా, మాయ పడకపోయినా ఉత్త చేతులతో లాగడం వల్ల బ్రూసెల్లా క్రిమి మనిషికి సోకుతుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము, కీళ్ళ నొప్పులు, మగవారిలో వృషణాల వాపు దాని లక్షణాలు. టైఫాయిడ్ అనుకుని నెలల తరబడి మందులు వాడిన పాడి రైతులను నేను ఎరుగుదును. డాక్టరుకు "గేదెల దగ్గర పనిచేస్తాను" అన్న ఒక్క మాట చెబితే సరైన రక్తపరీక్ష జరుగుతుంది. పొడవాటి చేతి తొడుగులు వాడండి, గర్భిణులను ఆ పనికి పంపవద్దు. 4 నుంచి 8 నెలల వయసున్న ఆడ దూడలకు జీవితంలో ఒక్కసారి వేసే టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది, వేయించండి. ఆ టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది, సూది పొరపాటున గుచ్చుకుంటే మనిషికీ సోకవచ్చు కాబట్టి, వేసేటప్పుడు దూడను కదలకుండా పట్టుకోవడం పట్టుకున్నవాడి క్షేమం కోసం కూడా.

గేదె చొంగ కారుస్తూ, మింగలేక, గొంతు మారి అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడిందని చెయ్యి పెట్టి చూడడం మనవాళ్ళకు అలవాటు. అది కుక్క కరిచిన గేదె అయితే, రేబిస్ ఉన్న చొంగలో చెయ్యి పెట్టినట్టే. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి పిలవండి. చెయ్యి పెట్టినవాడు సబ్బుతో, ధారగా పడే నీటిలో 15 నిమిషాలు కడుక్కుని, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు చెప్పిన అన్ని డోసులూ వేయించుకోవాలి. రేబిస్ బయటపడ్డాక మనిషిని బతికించుకునే దారి దాదాపు లేదు.

ఖర్చు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ పనిలో, మీ కొట్టంలో తగిలిన దెబ్బ అది. వైద్యమూ, కోలుకునే వరకు జీతమూ మీరే ఇవ్వాలి. పనిలో ఉండగా పని కారణంగా కలిగిన గాయానికి యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం మన చట్టంలో 1923 నుంచి ఉంది. ఇప్పుడు ఆ నిబంధనలు 2020 నాటి సామాజిక భద్రత స్మృతిలో చేరాయి. మీ డెయిరీకి అవి ఎంతవరకు వర్తిస్తాయో జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. వర్తించినా వర్తించకపోయినా నా మాట మారదు. ఆ అబ్బాయికి బీహార్‌లో ఇచ్చిన ఆయుష్మాన్ కార్డు ఉంటే ఆ పథకంలో చేరిన ఇక్కడి ఆసుపత్రుల్లో కూడా పనికొస్తుంది. ఇద్దరి పేరునా బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్ష బీమాలో చేర్పించండి: ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళవారికి, ప్రమాదంలో మరణానికి లేదా పూర్తి శాశ్వత వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. అది ఆసుపత్రి ఖర్చు ఇవ్వదు కాబట్టి దానితో పాటు ఒక ప్రమాద బీమా కూడా తీసుకోవడం మంచిది. వాళ్ళకు తెలుగు రాకపోతే ఈ జాగ్రత్తలన్నీ హిందీలో చెప్పండి, కొట్టంలో చేసి చూపించండి. తెల్లవారుజామున ఒక్కడినే కొట్టంలోకి పంపవద్దు.

ఇక ఆ గేదె. ముందు దాన్ని గోడ పక్క నుంచి తీసి మధ్య గాటకు మార్చి, పశువైద్యుడితో పొదుగు, చన్నులు, గిట్టలు చూపించండి. నొప్పి ఉంటే వైద్యం చేయించి, రెండో కుర్రవాడితో, పక్కన మీరు నిలబడి, రెండు వారాలు పిండించి చూడండి. దాన్ని కొట్టవద్దు, ఎవరినీ కొట్టనివ్వవద్దు. దెబ్బలు తిన్న గేదె మనిషి చేతికి మరింత బెదురుతుంది, పాలు కూడా ఎగబిగిస్తుంది. నొప్పి లేదని తేలి, చోటు మార్చి, చెయ్యి మార్చి చూసినా అది కావాలని మనిషి మీదికి వస్తుంటే ఉంచుకోకండి. అప్పుడు అమ్మండి గాని, అది ఏం చేసిందో కొనేవారికి దాచకుండా చెప్పి, దానికి తగ్గ ధరకే అమ్మండి.